తిత్తి పట్టిన చేయి

హార్మోనియం వాయించేవాడి కుడిచేతినే లోకం చూస్తుంది. వేళ్లు మెట్ల మీద పరుగులు తీస్తుంటాయి. వేలికి ఉంగరం ఉంటే ట్యూబులైటు వెలుగులో అదీ తళుక్కుమంటుంది. ఎడమచేయి పెట్టె వెనకాల ఉంటుంది. తిత్తిని లాగడం, వదలడం, మళ్లీ లాగడం. మా నాన్న ముప్పై ఏళ్లపాటు తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించాడు. పగలు ఎరువుల కొట్లో గుమాస్తా, రాత్రి హరిశ్చంద్రుడి పక్కన హార్మోనిస్టు. స్టేజీ పక్కన గోనెపట్టా మీద కూర్చుని నేనూ ఆ కుడిచేతినే చూస్తూ పెరిగాను. ఎడమచేయి ఏం చేస్తోందో తెలియడానికి నాకు నలభై నాలుగేళ్లు పట్టింది. అదీ ఏ కచేరీలోనో కాదు. నిజాంపేటలో మా అపార్టుమెంటులో, రాత్రి పదకొండు దాటాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు.

నాకో జబ్బుంది. ఆఫీసు పని అయ్యాక ఎలక్ట్రానిక్ సంగీతం చేసుకుంటాను. చేసి ఎవరికీ వినిపించను, ఇంట్లోవాళ్లకు అదొక్కటే ఊరట. ఆ రాత్రి వచ్చిన చిక్కు చాలా చిన్నది. వెనకాల పలచగా పరుచుకుని ఉండే స్వరం కావాలి, మా భాషలో దాన్ని ప్యాడ్ అంటారు. ఒక షడ్జమం పట్టి నిలబెట్టాను. మొదటి రెండు సెకన్లు బాగానే ఉంది. ఐదో సెకనుకు ఫ్రిజ్ మోతలా అనిపించింది. పంచమం కలిపాను, పైషడ్జమం కలిపాను. ఫ్రిజ్‌కి తోడు పక్కింటి మోటారు కూడా ఆన్ అయినట్టుందే తప్ప సంగీతం రాలేదు. స్వరాలు సరిపోవడం లేదనుకుని గంటసేపు స్వరాలే మారుస్తూ కూర్చున్నాను. కుడిచేతి కొడుకుని కదా.

విసుగొచ్చి స్వరాన్ని అలాగే వదిలేసి, దాని మీద స్టెప్ సీక్వెన్సర్ తగిలించాను.

స్టెప్ సీక్వెన్సర్ అంటే పదహారు గడుల వరస. నాలుగు దెబ్బల ఆవృత్తాన్ని దెబ్బకు నాలుగు చొప్పున కోస్తే పదహారు. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక్కో గడి సెకనులో ఎనిమిదో వంతు. 1980లో జపాన్ కంపెనీ రోలాండ్ తెచ్చిన టీఆర్-808 డ్రమ్ యంత్రానికి ముందువైపు ఈ పదహారూ మీటలుగా ఉండేవి, ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు రంగుల్లో, నాలుగేసి చొప్పున. 1997లో బెల్జియం నుంచి వచ్చిన ఫ్రూటీలూప్స్ అదే వరసను కంప్యూటర్ తెర మీద పరిచింది. నాకు తెలిసిన డీజే కుర్రాళ్లలో చాలామంది ఓనమాలు దిద్దుకున్నది దాని మీదే. గడి వెలిగిస్తే దెబ్బ, ఆర్పితే ఖాళీ. నేనూ వాటిని అలాగే ఎరుగుదును, డప్పు కొట్టే గడులని.

అయితే గడికి డప్పు సంగతి తెలియదు. తన వంతు వచ్చినప్పుడు గడి ఒక అంకెను బయటికి తోస్తుంది, అంతే. ఆ అంకె డ్రమ్ముకు చేరితే దెబ్బ, శ్రుతికి చేరితే స్వరం. అదే అంకెను అప్పటికే మోగుతున్న స్వరం తాలూకు ఏదో ఒక నాబ్‌కు కడితే, ఆ నాబ్‌ను ఎవరో కనిపించనివాడు లయ ప్రకారం తిప్పుతున్నట్టు ఉంటుంది. దీన్నే మాడ్యులేషన్ అంటారు. మెలకువలు ఎన్ని ఉన్నా అసలు సంగతి ఇంతే.

నాకు వెంటనే బడి గుర్తొచ్చింది. క కా కి కీ కు కూ. హల్లు ఒక్కటే. దానికే దీర్ఘం వచ్చింది, గుడి వచ్చింది, కొమ్ము వచ్చింది. గుడిని విడిగా గీసి చదవమంటే పిల్లవాడు దిక్కులు చూస్తాడు. అది ఏదో ఒక హల్లుని పట్టుకునే బతకాలి. మాడ్యులేషనూ అంతే, దానికి సొంత గొంతు లేదు. పదహారు గడుల్నీ ఎంత ముచ్చటగా దిద్దినా, ఎక్కడా తగిలించకపోతే నిశ్శబ్దం. నిలబడి ఉన్న స్వరం హల్లు, గడులు దానికి వరసగా పెట్టుకుంటూ పోయే గుణింతం.

ఈ పోలిక అందానికి తెచ్చింది కాదు. ఒకే శ్రుతిలో ఆ, ఈ, ఊ అని పాడి చూడండి. గొంతులో పుట్టే స్వరం మారదు. నోటి ఆకారం మారుతుంది, దాంతో ఆ స్వరంలో కొన్ని పాళ్లు పైకి లేస్తాయి, కొన్ని అణుగుతాయి. సింథసైజర్‌లో నోరు చేసే ఈ పనిని ఫిల్టర్ చేస్తుంది. కటాఫ్ అనే నాబ్‌ను కిందికి తిప్పుతూ పోతే పైస్థాయి మెరుపులు ఒక్కొక్కటే రాలిపోతాయి. 'ఆ' లాంటి శబ్దం 'ఊ' వైపు జారి, చివరికి పెదవులు మూసుకుని 'మ్' దగ్గర ఆగుతుంది. పైకి తిప్పితే మళ్లీ నోరు తెరుస్తుంది.

నేను వాడేది సర్జ్ అనే సింథ్. ఒకప్పుడు డబ్బిచ్చి కొనుక్కోవలసినది. 2018లో దాన్ని చేసినాయన కోడ్ మొత్తం అందరికీ వదిలేశాడు, ఇప్పుడు సర్జ్ ఎక్స్‌టీ పేరుతో ఉచితంగా దొరుకుతుంది. స్వరాన్ని నెమ్మదిగా ఊపడానికి అందులో ఎల్‌ఎఫ్‌ఓలు ఉంటాయి. వాటికిచ్చే ఆకారాల్లో స్టెప్ సీక్వెన్సర్ ఒకటి. దాన్ని ఎంచుకోగానే పదహారు నిలువు గడులు, మధ్యలో ఒక అడ్డగీత. గీతకు పైన మౌస్ లాగితే కటాఫ్ లేస్తుంది, కింద లాగితే పడుతుంది. ఆ లేవడం పడడం ఎంత అన్నది విడిగా పెట్టుకోవాలి, అది లోతు. మొదట పదహారింటినీ నల్లమల కొండల్లా ఎగుడుదిగుడుగా గీశాను. కుళాయిలో నీళ్లు రాబోయే ముందు గాలి గురక పెడుతుందే, ఆ శబ్దం వచ్చింది. అంతా చెరిపి మూడంటే మూడు గడులు లేపాను, ఒకటి, ఏడు, పన్నెండు. మిగతావన్నీ గీత మీదే.

స్వరం కదల్లేదు, నా వేలు కదల్లేదు. కానీ ఆ షడ్జమంలో ఎవరో నడుస్తున్నారు. ఫ్రిజ్ ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది తిత్తి. హరిశ్చంద్రలో కాటి సీను నడుస్తుంటే నాన్న కుడిచేతికి పెద్దగా పనుండదు. పద్యం ఎత్తుకునేది నటుడు, రాగం తీసేది నటుడు, హార్మోనియం షడ్జమం పట్టుకుని కింద పడుంటుంది. అయినా ఆ ఒక్క స్వరం రాత్రి మూడింటికి ఊరందరి చేతా ముక్కు చీదించేది. ఆ పని మెట్లది కాదు, మెట్టు నొక్కిపెట్టి ఉంది. తిత్తిది. నటుడు మాట విరిచిన చోట నాన్న గాలి తగ్గించేవాడు, పాదం చివర దీర్ఘం తీస్తుంటే అడుగునుంచి నెమ్మదిగా గాలి నింపేవాడు. నా మూడు గడులు చేసింది అదే పని, బండగా, కొలత పెట్టి. తేడా ఎంతో ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఈ గడుల పుట్టుక చూస్తే అవి మొదటినుంచీ డప్పు కోసం పుట్టినవి కావు. 1960లలో అమెరికాలో రాబర్ట్ మోగ్ కట్టిన పెద్ద సింథసైజర్లలో 960 అనే సీక్వెన్సర్ ఉండేది. ఆయన పేరును ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి చాలామంది 'మూగ్' అంటారు, ఆయన మాత్రం 'మోగ్' అనే పలికేవాడు. మన చెవికి ఆ పేరు ఆయన చేసిన పనికి అతికినట్టు సరిపోతుంది, తెలుగువాడు పెట్టిన పేరేమో అన్నంతగా. ఆ 960లో మూడు వరసలు, వరసకు ఎనిమిది నాబ్‌లు. ప్రతి నాబ్ ఒక్కో వోల్టేజి ఇస్తుంది. ఆ వోల్టేజి స్వరమో, ఫిల్టరో, శబ్దం హెచ్చుతగ్గులో యంత్రానికి అనవసరం. తీగను ఎక్కడ గుచ్చితే అది అవుతుంది. అంటే కుడిచేతికి ఒక వరస, ఎడమచేతికి ఇంకొకటి, మూడోది మీ ఇష్టం. ఇప్పుడు వీసీవీ ర్యాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సీక్వెన్సర్ తెరిస్తే మూడు వరసలు, ఎనిమిది మెట్లు మళ్లీ ఎదురవుతాయి. తాతగారి పడక్కుర్చీ నమూనా చూపించి వడ్రంగి చేత చేయించుకున్నట్టు.

జర్మన్ బృందం టాంజరీన్ డ్రీమ్ 1974లో విడుదల చేసిన 'ఫీడ్రా' రికార్డులో మోగ్ సీక్వెన్సర్ తిరుగుతుంటే శ్రుతి కొద్దికొద్దిగా జారుతుంది. యంత్రం వేడెక్కి, స్వరం పుట్టించే ఆసిలేటర్లు దారి తప్పాయి. వాళ్లు దాన్ని అలాగే ఉంచేశారు. నాకు ఆ రికార్డులో అన్నిటికంటే నచ్చేది ఆ జారుడే. యంత్రానికి చెమట పట్టడం వినిపిస్తుంది.

తర్వాత కథ టీబీ-303ది. 1980ల మొదట్లో రోలాండ్ దీన్ని ఒంటరిగా గిటారు సాధన చేసుకునేవాళ్లకు బేస్ తోడుగా ఉంటుందని అమ్మింది. గిటారు సోదరులు దాని ముఖం చూడలేదు, 1984 కల్లా తయారీ ఆగిపోయింది. పాతసామాన్ల ధరకు దొరికిన ఆ పెట్టెను షికాగో కుర్రాళ్లు కొనుక్కున్నారు. గడుల్లో స్వరాలు తమంతట తాము తిరుగుతుంటే, వాళ్లు కటాఫ్ నాబ్‌ను చేత్తో తిప్పుతూ పోయారు. 1987లో ఫ్యూచర్ బృందం విడుదల చేసిన 'యాసిడ్ ట్రాక్స్' అలా పుట్టింది, దాంతో యాసిడ్ హౌస్ అనే తెగే పుట్టింది. అక్కడ చేతుల పంపకం ఎలా జరిగిందో చూడండి. కుడిచేతి పని యంత్రానికి ఇచ్చేశారు, ఎడమచేతి పని మనిషి ఉంచుకున్నాడు. మెట్లు ఎవరైనా నొక్కవచ్చు, తిత్తి మాత్రం నా దగ్గరే ఉండనీ అన్నట్టు. సాఫ్ట్‌వేర్ వచ్చి ఆ రెండో చేతికి కూడా మళ్లీ గడులు పెట్టింది.

చరణ్‌జిత్ సింగ్ సంగతి చెప్పకుండా 303ని వదల్లేం. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే ఈ పెద్దమనిషి 1982లో 303, 808, జూపిటర్-8 అనే మూడు రోలాండ్ యంత్రాలు ముందు పెట్టుకుని పది రాగాలను డిస్కో తాళంలో రికార్డు చేశాడు. అప్పుడు ఎవరూ కొనలేదు. 2010లో మళ్లీ అచ్చయ్యాక, యాసిడ్ హౌస్‌ను కనిపెట్టింది షికాగో కాదు బొంబాయి అని గొడవ లేచింది. నాకు ఆ గొడవ రుచించదు. ఆయన ఎవరికంటేనో ముందుండాలని చేయలేదు, రాగాన్ని గడుల్లో ఎలా పెట్టాలా అని చేశాడు. 303లో గడి గడికీ స్లయిడ్ అనే సౌకర్యం ఉంది, అది పెడితే ఒక స్వరం నుంచి పక్క స్వరానికి గెంతకుండా జారుతుంది. మెట్లెక్కే యంత్రంలో ఆ కాస్త నునుపు దొరకబట్టే ఆ రికార్డు రాగాల దరిదాపులకు వెళ్లగలిగిందని నా నమ్మకం.

మెట్టు అనే మాటే మనల్ని ఇరికిస్తుంది. వీణకూ మెట్లే, హార్మోనియానికీ మెట్లే, స్టెప్ సీక్వెన్సర్‌కూ మెట్లే. వీణ మెట్టు మీద తీగను పక్కకు లాగితే గమకం పుడుతుంది. హార్మోనియం మెట్టును పక్కకు లాగితే విరుగుతుంది. ఇలాంటి దోషాలకే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని గుమ్మం బయట నిలబెట్టింది. 1971 వరకూ లోపలికి రానివ్వలేదు. పారిస్‌లో పుట్టిన పెట్టె, బిగించిన మెట్లు, మన శ్రుతులు పలకవు, గమకం రాదు అన్నది అభియోగం. నాన్న దగ్గర ఆ ప్రస్తావన తెస్తే ఇప్పటికీ ముఖం ఎర్రబడుతుంది. "రేడియో వాళ్లు ఒక్కసారి మా స్టేజీ దగ్గరికి వచ్చి వినాల్సింది" అంటాడు.

అభియోగం అబద్ధం కాదు. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడే స్వరం కాదు, ఊగుతూనే ఉంటుంది. దాన్ని హార్మోనియం మీద మెట్టు నొక్కి చూపిస్తే తోడి అనిపించుకోదు. కానీ ఆ విచారణలో సాక్షిగా పిలిచింది కుడిచేతిని మాత్రమే, శిక్ష వేసింది పెట్టె మొత్తానికి. స్వరం ఎక్కడ నిలబడింది అన్నది సంగీతంలో ఒక ప్రశ్న. నిలబడినచోట ఎలా బతుకుతోంది అన్నది ఇంకో ప్రశ్న. హార్మోనియం మొదటిదానిలో తప్పింది, రెండోదానిలో మంచి మార్కులే వచ్చేవి, పేపరు దిద్దినవాళ్లెవరూ లేరు. గడుల సంగీతాన్ని 'మరమనిషి పాట' అని తీసిపారేసేవాళ్లను చూసినప్పుడు నాకు ఆ పాత విచారణే గుర్తొస్తుంది.

నేనూ ఒకసారి ఆ మొదటి ప్రశ్నకే జవాబు రాయబోయి బోర్లా పడ్డాను. గడులను కటాఫ్‌కు కాకుండా శ్రుతికి కట్టి, తోడి గాంధారాన్ని ఊపిద్దామనుకున్నాను. పదహారు గడుల్లో కింది రిషభం వైపు కొంత, పైన మధ్యమం వైపు కొంత గీశాను. వచ్చింది అంబులెన్స్. గడికీ గడికీ మధ్య అంచులు గుచ్చుకుంటున్నాయి. మెట్ల మధ్య అంచులు నునుపు చేసే సదుపాయం ఉంటుంది కదా, అది పెంచాను. అంచులు అరిగాయి, దాంతో లయ కూడా అరిగిపోయి అంబులెన్స్ కాస్తా జోలపాట అయింది. ఎక్కడ ఆగాలి, ఎక్కడ తాకీ తాకకుండా వెళ్లాలి, ఏ ఊపు పెద్దది, ఏది చిన్నది అన్నది ఆ రాగం పాడేవాడి గొంతులో పదేళ్లు ఊరితే వచ్చేది. సెకనులో ఎనిమిదో వంతు చొప్పున సమంగా కోసిన గడుల్లోకి అది దిగదు. నెల రోజుల తర్వాత ఒప్పుకున్నాను.

నునుపు గురించి మాత్రం ఇంకో మాట చెప్పాలి, అది హార్మోనియం కడుపులోనే ఉంది. బయట మనం లాగే తిత్తి గాలిని నేరుగా రీడ్ల మీదికి పంపదు. లోపల స్ప్రింగులు బిగించిన ఇంకో తిత్తి ఉంటుంది. బయటిది గుక్కలు గుక్కలుగా తెచ్చి పోస్తే, లోపలిది నింపుకుని సమంగా వదులుతుంది. లోపలి తిత్తికి చిల్లి పడితే స్వరం ఎక్కిళ్లు పెడుతుంది. సీక్వెన్సర్‌ను శబ్దం హెచ్చుతగ్గులకు కట్టినప్పుడు నాకు సరిగ్గా ఈ ఎక్కిళ్లే ఎదురయ్యాయి. గడి మారినప్పుడల్లా టిక్కు, టిక్కు. హెడ్‌ఫోన్స్ పాడయ్యాయనుకుని కొత్తవి కొన్నాను కూడా. కారణం సాదాది. మోగుతున్న తరంగాన్ని మధ్యలో ఉన్నపళాన తెంపితే ఆ తెగిన అంచే టిక్కుగా వినిపిస్తుంది. నాలుగైదు మిల్లీసెకన్లు నునుపు చేస్తే పోతుంది, లయకు ఏ నష్టమూ లేదు. హెడ్‌ఫోన్స్ డబ్బులు పోయాయి, లోపలి తిత్తి దేనికో తెలిసింది.

ఇక పిచ్చి పట్టిన రోజులు. వరసలో పదహారు గడులూ వాడి తీరాలనే నియమం లేదు, చివరి గుర్తును ముందుకు లాగి ఏడు గడులకే తిప్పవచ్చు. ఏడు అనగానే నాకు తకిట తకధిమి. డ్రమ్ములు పదహారులో తిరుగుతుంటాయి, ఫిల్టర్ ఏడులో తిరుగుతుంటుంది. రెండూ ఒకేసారి బయల్దేరి, మొదటి ఆవృత్తం చివరికే విడిపోతాయి. మళ్లీ ఇద్దరూ ఒకే గడప మీద కలిసేది 112 గడుల తర్వాత, అంటే సరిగ్గా ఏడు ఆవృత్తాలకు, 120 వేగంలో పద్నాలుగు సెకన్లకు. మృదంగం వాయించేవాళ్లకు ఇది పొద్దున్నే నోట్లో వేసుకునే లెక్క. నేను తెర మీద చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాను. వెంటనే ఇంకో వరస తెచ్చి ఐదుకు కత్తిరించి శబ్దానికి కట్టాను, మరొకటి తొమ్మిదికి కత్తిరించి ఎడమ కుడి స్పీకర్ల మధ్య ఊపాను. పదహారు, తొమ్మిది, ఏడు, ఐదు. కూడితే ముప్పై ఏడు గడులు. ఇవన్నీ మళ్లీ ఒకేచోట కలవాలంటే 5040 గడులు నడవాలి. పదిన్నర నిమిషాలు. ముప్పై ఏడు గీతలు గీసి, పదిన్నర నిమిషాలు తనను తాను తిరిగి చెప్పుకోని సంగీతం చేశానన్నమాట! బ్రయాన్ ఈనో 1978లో 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' కోసం పొడుగులు కలవని టేపు చుట్టలను ఇలాగే తిరగనిచ్చాడు. నాకు టేపులు కూడా అక్కర్లేకపోయింది.

పదిన్నర నిమిషాలూ కూర్చుని విన్నాను. నాలుగో నిమిషంలో ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాను. తిరిగి రానిదల్లా కొత్తది అవుతుందనుకోవడం నా పొరపాటు. అన్నీ కదులుతుంటే ఏదీ కదిలినట్టు ఉండదు. పెళ్లి భోజనాల దగ్గర అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే మాట వినిపిస్తుందా, గోల తప్ప. ఒక్కొక్కటే ఆపుతూ వచ్చాను. చివరికి ఏడు గడుల ఫిల్టర్ ఒక్కటి మిగిలింది, అందులోనూ లేచి ఉన్నవి రెండే. అప్పుడు మళ్లీ ఊపిరి వినిపించింది. ఆ తర్వాత ఏ పాటలోనైనా కదిలే వరస ఒకటి ఉంచుతాను, మహా అయితే రెండు. ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను, అడిగేవాళ్లెవరూ లేరు.

చాలా సింథ్‌లలో పాచికలు వేసే సౌకర్యం కూడా ఉంటుంది. నొక్కితే గడులన్నీ తమ ఇష్టం వచ్చినట్టు లేస్తాయి, పడతాయి. దీన్ని 'హ్యూమన్ ఫీల్' అని గొప్పగా చెబుతుంటారు. నేను నమ్మను. నాన్న ఎడమచేయి ఎప్పుడూ ఒకేలా ఆడేది కాదు, నిజమే. తెల్లవారుజామున నాలుగింటికి భుజం పీకేది, తిత్తి బరువెక్కేది. కానీ నటుడు ఊపిరి పీల్చడానికి పద్యం మధ్యలో ఆగబోతున్నాడని నాన్నకు ఒక క్షణం ముందే తెలిసేది, సరిగ్గా అక్కడికి తిత్తి ఖాళీ చేసి పెట్టుకునేవాడు. ఆ తగ్గుదలలో అలసట ఉంది, లెక్క ఉంది, అవతలివాడి మీద ధ్యాస ఉంది. పాచికలకు చెవులుండవు. గడులకూ ఉండవు. గడులు కనీసం ఉన్నట్టు నటించవు.

చెవులున్నవాడిని మళ్లీ ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నదే నాకు మిగిలిన ప్రశ్న. జవాబు నా కీబోర్డు మీదే ఇన్నాళ్లూ దుమ్ము పట్టి ఉంది. 1970లో వచ్చిన మినీమోగ్‌లో మెట్లకు ఎడమ పక్కన రెండు చక్రాలు పెట్టారు, ఒకటి శ్రుతిని వంచడానికి, ఇంకొకటి మాడ్యులేషన్‌కి. అప్పటినుంచి వచ్చిన కీబోర్డులకు చాలావరకు ఆ చక్రాలు ఎడమవైపే ఉంటాయి. కుడిచేయి మెట్ల మీద, ఎడమచేయి చక్రం మీద. హార్మోనియంలో తిత్తి పట్టేదీ ఆ చేయే. ఆ మాడ్యులేషన్ చక్రాన్ని గడుల లోతుకు కట్టాను. చక్రం కింద ఉంటే గడులు తిరుగుతూనే ఉంటాయి గానీ స్వరాన్ని తాకవు. పైకి తోస్తే కొద్దికొద్దిగా పట్టుకుంటాయి. సున్నా నుంచి 127 వరకు అంకెలు. ఎప్పుడు అడుగు వేయాలన్నది యంత్రం చూసుకుంటుంది, ఎంత గట్టిగా వేయాలన్నది నా ఎడమచేయి.

ఈ మధ్య నాన్న శుక్లాల ఆపరేషన్‌కి మా ఇంటికొచ్చాడు. నల్ల కళ్లద్దాలు, టీవీ చూడకూడదు, పేపరు చదవకూడదు. పొద్దుపోక, "ఏదో చేస్తుంటావట కదరా, వినిపించు" అన్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి. పాతది కాకుండా కొత్తగా చేసిందే వినిపిద్దామని ఏడు గడుల ముక్కలోంచి నాలుగు ఆవృత్తాలు ఆడియోగా కోసి, ఫోన్‌లో వారం కిందట లూప్ పెట్టుకున్నదాన్నే చేతికిచ్చాను. మంచం మీద కూర్చుని విన్నాడు. తొడ మీద వేళ్లు ఆడుతున్నాయి, తకిట తకధిమి. నేను చెప్పలేదు ఏడని.

ఒక నిమిషం తర్వాత వేళ్లు ఆగాయి. "ఇక్కడ నత్తి కొడుతోందిరా."

"కంప్యూటర్ చేసింది నాన్నా, తప్పు రాదు."

"దేంతో చేస్తే నాకెందుకు. వీడు మొదటి అడుగు రెండుసార్లు వేస్తున్నాడు. వేసి సర్దుకుంటున్నాడు."

వాదించడానికి కాగితం తీసుకున్నాను. నాలుగు ఆవృత్తాలంటే 64 గడులు. తొమ్మిది ఏడులు అరవై మూడు. మిగిలింది ఒకటి, పదో చుట్టులో మొదటి గడి. అక్కడ ఆడియో తెగి మళ్లీ మొదటి గడి దగ్గర మొదలవుతోంది. ఒకటి, ఒకటి. సింథ్‌లో తిరుగుతున్నంతసేపు రాని నత్తి, నేను నాలుగుకు కోయడం వల్ల వచ్చింది. ఏడు ఆవృత్తాలకు కోయాల్సింది. వారం నుంచి బస్సులో ఆ లూప్ వింటున్నాను, ఒక్కసారీ పట్టుకోలేదు.

ఈసారి లాప్‌టాప్ దగ్గరికే తీసుకెళ్లి కూర్చోబెట్టాను. షడ్జమం నొక్కిపెట్టి, ఆయన ఎడమచేతిని చక్రం మీద పెట్టాను. కొంచెం పైకి తోశాడు, నోరు తెరిచింది. కిందికి లాగాడు, మూసుకుంది. రెండు మూడుసార్లు చేసి చేయి తీసేశాడు.

"గాలి ఎదురు తిరగట్లేదేంట్రా ఇందులో?"

అర్థమైంది. తిత్తి చేతిని వెనక్కి తోస్తుంది. ఎంత గాలి మిగిలిందో, స్వరం ఎంత తాగుతోందో ఆ తోపుడులోనే తెలుస్తుంది. రెండు మెట్లు నొక్కితే ఒకలా, నాలుగు నొక్కితే ఇంకోలా. ఈ ప్లాస్టిక్ చక్రం సున్నా దగ్గరా అంతే తేలిక, నూట ఇరవై ఏడు దగ్గరా అంతే తేలిక. ఏం చెప్పాలో తోచక, "లేదు నాన్నా, గాలి లేదు" అన్నాను.

"సరే, మొదట్నుంచి పెట్టు" అని మళ్లీ చేయి వేశాడు. కుడిచేయి ఒళ్లో ఊరికే పడుంది. మూడో ఆవృత్తానికి చక్రం చాలా నెమ్మదిగా కదలడం మొదలైంది. కంట్లో చుక్కలు వేసే టైమైందని వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది.

"ఉండమ్మా," అన్నాడు, "ఏడోది రానీ."